ఖర్బూజా, ముల్లంగి, ఒక రచయిత ఆత్మచిత్రం

రచయిత తన గురించి పాఠకుడికి చెప్పుకునే సంగతులు రెండు తెగలు. పుట్టిన ఊరు, వంశం, చదువు, పదవి, సన్మానం వంటివి రచనకు ప్రామాణ్యాన్ని, అంటే నమ్మి చదవవచ్చునన్న భరోసాను చేకూరుస్తాయి. ఏ కూర ఇష్టం, ఎంతసేపు నిద్ర, ఎవరి పేర్లు గుర్తుండవు వంటివి అటువంటి భరోసా ఏదీ ఇవ్వవు. తెలుగు కావ్యం మొదటి తెగకు అవతారికలో, అంటే కథకు ముందు వచ్చే పీఠికా భాగంలో, చోటు కల్పించింది. కవి అక్కడ తన గోత్రసూత్రాలను, తల్లిదండ్రులను, గురువును పేర్కొంటాడు. ప్రతి ఆశ్వాసం చివరి గద్యలో మళ్లీ తన పేరు ముద్రించుకుంటాడు. ఆ సంప్రదాయంలోనే ఉండి, శాస్త్రాలేవీ తాను నేర్చినదాన్ని కానని రామాయణ పీఠికలో చెప్పుకున్న మొల్ల మాట అరుదైనది కనుకనే అంతగా నిలిచిపోయింది. రెండో తెగ సంగతులకు ఐరోపా సాహిత్యంలో స్థిరమైన చోటు సంపాదించి పెట్టినవాడు 16వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత మిషెల్ ద మాంటేన్.

1533లో బోర్డో నగరానికి దూరం కాని ఒక కోటలో పుట్టిన మాంటేన్, ఆ నగర న్యాయస్థానంలో చాలాకాలం పనిచేసి, 38వ ఏట కొలువు విడిచి, తన కోట బురుజులో పుస్తకాల గది ఏర్పరచుకున్నాడు. గుండ్రని ఆ గదిలో దాదాపు వెయ్యి పుస్తకాలుండేవి. పైకప్పు దూలాల మీద గ్రీకు, లాటిన్ సూక్తులు రాయించాడు. అక్కడ పుట్టిన వ్యాసాలు 1580లో రెండు భాగాలుగా అచ్చయ్యాయి, 1588లో మూడో భాగం చేరింది. ఈ పుస్తకానికి వస్తువు తానేనని, ఇంత అల్పమైన విషయం మీద పాఠకుడు తీరిక సమయాన్ని వెచ్చించడం సమంజసం కాదని ఆయన ముందుమాటలోనే హెచ్చరించాడు.

ఆ తరువాత వచ్చే సంగతులను వరుసలో పెడితే, ఏ చరిత్రకారుడూ నమోదు చేయదలచని మనిషి కనిపిస్తాడు. ఆయన పొట్టివాడు, దిట్టమైన ఒళ్లు. పాడడం రాదు, చేతివాటం లేదు, తన దస్తూరి తానే చదువుకోలేడు. ధాన్యాల్లో ఏది ఏదో పోల్చలేడు, రొట్టె చేయడానికి పులుపు పిండి ఎందుకో చాలాకాలం తెలియదు. జ్ఞాపకశక్తి ఎంత తక్కువంటే పనివాళ్లను వారి పనిని బట్టో ప్రాంతాన్ని బట్టో పిలుస్తాడు. పండ్లలో ఖర్బూజా తప్ప మరేదీ అంతగా నచ్చదు. మేజామీద గుడ్డ లేకపోయినా భోంచేయగలడు గాని, శుభ్రమైన చేతిరుమాలు లేకుండా చేయలేడు. ఆత్రంగా తింటూ నాలుక కొరుక్కుంటాడు, ఒక్కొక్కసారి వేళ్లు కూడా. దట్టమైన మీసాల్లో వాసనలు రోజంతా నిలుస్తాయి. తండ్రి నియమించిన జర్మన్ గురువుకు ఫ్రెంచి రాకపోవడంతో, ఇంట్లో పనివాళ్లు సైతం లాటిన్‌లోనే మాట్లాడవలసి రావడంతో, ఆయనకు మొదట అబ్బిన భాష లాటిన్.

ఇవి కేవలం ముచ్చట్లయితే నాలుగు శతాబ్దాలు నిలిచేవి కావు. ముల్లంగి ఉదాహరణ చూడవచ్చు. అది మొదట తన ఒంటికి పడేదని, తరువాత పడలేదని, ఇప్పుడు మళ్లీ పడుతున్నదని ఆయన రాశాడు. తెల్ల ద్రాక్షసారా నుంచి ఎర్రదానికి, దాని నుంచి మళ్లీ తెల్లదానికి మారిన తీరు కూడా చెప్పాడు. తన నాలుకే ఒక మాట మీద నిలవనప్పుడు తన అభిప్రాయాలు శాశ్వత సత్యాలని ఎలా అనుకోగలడన్నది ఆ వ్యాసాల నిండా పరుచుకున్న ప్రశ్న. 1562 నుంచి 1598 దాకా ఫ్రాన్సులో కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు తమ సత్యమే సత్యమని ఒకరినొకరు చంపుకుంటున్న కాలం అది. 1581 నుంచి 1585 దాకా బోర్డో మేయరుగా ఆ రెండు పక్షాల మధ్య నలిగినవాడు ఆయన. అటువంటి వేళ ఒక కాథలిక్కు తన రుచుల చంచలత్వాన్ని బహిరంగంగా నమోదు చేయడంలో గొప్ప ధైర్యం ఉంది, దానిని వినోదంగా మాత్రమే చదివేవారు ఆ ధైర్యాన్ని చూడలేకపోతున్నారు.

మూత్రపిండాల్లో రాళ్ల జబ్బు గురించిన పుటలు మరింత లోతైనవి. తండ్రికి ఆ జబ్బు ముసలితనంలో, కొడుకు పుట్టిన చాలా ఏళ్లకు పైబడింది. అప్పటికి కనబడని రోగం ఏ రూపంలో దాగి తనదాకా వచ్చిందో, నడివయసు దాకా ఎక్కడ పొంచి ఉందోనని మాంటేన్ ఆశ్చర్యపోయాడు. వంశపారంపర్యానికి శాస్త్రీయ వివరణ ఇంకా దొరకని కాలంలో, సొంత ఒంటి నొప్పి నుంచి ఆయన సరైన ప్రశ్నకు చేరుకున్నాడు. వైద్యులు ఒకరి మాటను ఒకరు ఖండించుకోవడం చూసి, తన శరీరంపై తన పరిశీలననే ఎక్కువగా నమ్ముకున్నాడు.

అన్నీ చెప్పినట్లు కనిపించే ఈ మనిషి చెప్పనివీ ఉన్నాయి. తండ్రిని పదేపదే తలచుకున్నవాడు తల్లి గురించి దాదాపు మౌనం వహించాడు, భార్య ప్రస్తావన కూడా స్వల్పమే. పసితనంలోనే పోయిన బిడ్డల సంగతి ఒకటి రెండు మాటల్లో ముగించాడు. కారణం ఏదైనా, తన లోపాలను బయటపెట్టే స్వేచ్ఛ తనకుంది గాని ఇతరుల జీవితాలను బయటపెట్టే స్వేచ్ఛ లేదన్నట్టుగా సాగే ఈ హద్దు గమనించదగినది. తర్వాతి శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ ఈ ఆత్మచిత్రణను తెలివితక్కువ పూనికగా నిందించాడు, 1676లో రోము చర్చి ఆ గ్రంథాన్ని నిషిద్ధ పుస్తకాల జాబితాలో చేర్చింది. పాస్కల్ నింద న్యాయం కాదు: తనను పొగడుకోవడానికి గాని, తనపై జాలి పుట్టించడానికి గాని మాంటేన్ ఈ సంగతులు వాడుకోలేదు, ప్రతి మనిషిలోనూ మానవ స్థితి మొత్తం ఉంటుందన్న నమ్మకంతో తనను నమూనాగా పరీక్షకు పెట్టాడు.

ఇంగ్లండులో ఈ ధోరణి మరో మలుపు తిరిగింది. 1711 మార్చి 1న వెలువడిన స్పెక్టేటర్ పత్రిక తొలి సంచికలో వ్యాసకర్త ఎడిసన్, రచయిత నల్లనివాడో తెల్లనివాడో, సాధువో కోపిష్టో, పెళ్లయినవాడో కానివాడో తెలిస్తేగాని పాఠకుడికి పుస్తకం రుచించదని అంగీకరించాడు. ఆ కుతూహలం తీర్చడానికి కల్పిత వ్యక్తి ఒకరిని సృష్టించి, పేరు, వయసు, నివాసం మాత్రం ఆ వ్యక్తి దాచిపెట్టుకునేలా చేశాడు. ఆ పత్రిక స్ఫూర్తితో పానుగంటి లక్ష్మీనరసింహారావు సాక్షి వ్యాసాలు రాసినప్పుడు, సాక్షి సంఘమనే కల్పిత బృందమూ, అందులో జంఘాలశాస్త్రి అనే వక్త గొంతూ తెలుగువారికి దక్కాయి. జంఘాలశాస్త్రి ఉపన్యాసాల ధాటి సాటిలేనిది, సంఘాన్ని ఆయన వదలకుండా నిలదీశాడు. అయితే ఆ కల్పిత ముఖం వెనుక పానుగంటివారి సొంత రుచులు, మరపులు, ఒంటి బాధలు పాఠకుడికి అందవు. ఎడిసన్ దాచిన మూడు సంగతుల దారిలోనే తెలుగు వ్యాసం మొదట నడిచింది, మాంటేన్ ముల్లంగి దారి దానికి తరువాతి తరాల్లో గాని దొరకలేదు.