మత్తు సూది పడదా? రక్తపరీక్ష చెప్పేదెంత?

సత్యదేవుని దర్శనానికి అన్నవరం వచ్చే యాత్రికులలో కొందరు రత్నగిరి దిగి నా వైద్యశాలకూ వస్తూ ఉంటారు. వారిలో పన్ను తీయించుకోవలసినవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "అయ్యా, మత్తు సూది మాకు పడుతుందో లేదో రక్తపరీక్షతో తెలుస్తుందా?"

పన్ను తీసేటప్పుడు, కుట్లు వేసేటప్పుడు ఆ భాగానికి మాత్రమే స్పర్శ పోగొట్టడానికి నేడు ఎక్కువగా వాడేది లిగ్నోకెయిన్. దీనిని 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. దీనికి నిజమైన ఎలర్జీ అత్యంత అరుదు. దానిని నమ్మకంగా తేల్చే రక్తపరీక్ష లేదు.

గురుకులంలో మాకు నేర్పిన రోగిపరీక్షలు మూడు: దర్శనం, స్పర్శనం, ప్రశ్నం. ఇక్కడ ప్రశ్నమే ప్రధానం. భయంతో కళ్లు తిరిగాయా? అది ఎలర్జీ కాదు. గుండెదడ వచ్చిందా? మందులో కలిపే ఎడ్రినలిన్ వల్ల కావచ్చు. చెవులలో హోరు, నోటిచుట్టూ తిమ్మిరి, మూర్ఛ వచ్చాయా? మోతాదు మించడమో, మందు నేరుగా రక్తనాళంలోకి పోవడమో కారణం కావచ్చు. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వచ్చి ఉంటే మాత్రం ఎలర్జీని అనుమానించాలి. అప్పుడు ఆసుపత్రిలో నిపుణుల సమక్షంలో చర్మపరీక్ష, ఆపై స్వల్పమోతాదులతో పరీక్ష చేయించుకోవాలి.

రక్తపరీక్ష నిజంగా ఉపకరించే సందర్భం వేరొకటి ఉన్నది. "మా వంశానికి మత్తు పడదు" అనే మాట కొన్ని ఆర్యవైశ్య కుటుంబాలలో వింటాము. రక్తంలో సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించడం దీనికి కారణం కావచ్చు. వైశ్యులలో ఈ లోపానికి మూలమైన ఒక జన్యుమార్పును 2006లో పరిశోధకులు ప్రకటించారు. పెద్ద ఆపరేషన్లలో కండరాల సడలింపుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం సాధారణంగా కొద్ది నిమిషాలలో విరిగిపోతుంది. ఈ లోపమున్నవారిలో అది గంటల తరబడి నిలిచి, అంతసేపూ కృత్రిమశ్వాస అవసరమవుతుంది. ఇది ఎలర్జీ కాదు. ఎంజైము కొలిచే రక్తపరీక్షతో ముందే తెలుస్తుంది. లిగ్నోకెయిన్ విరిగేది కాలేయంలో. కనుక పంటి సూదికి ఈ లోపం అడ్డు కాదు.

లవంగతైలం పంటిపోటును తాత్కాలికంగా తగ్గిస్తుందే గాని చీమును తొలగించదు. సూదిభయంతో కాలయాపన చేస్తే ఆ చీము దవడకూ, మెడకూ పాకి ప్రాణం మీదికి రావచ్చును.

కనుక పాఠకులు ఒక కాగితం మీద మునుపు ఇచ్చిన మందు పేరు, ఎంతసేపటికి ఏ లక్షణం కనిపించినదీ, కుటుంబంలో ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి అందడం ఆలస్యమయినదా అన్నదీ వ్రాసి ఉంచుకొని, సూది వేయకముందే వైద్యునికి చూపించండి.