ఏనుగు దంతం నుంచి చెట్టు బుడిపె దాకా

కిమోనోకు చెప్పుకోదగ్గ జేబులుండవు. అందుకే ఎడో కాలపు జపాన్ మగవాళ్లు పొగాకు సంచికి తాడు కట్టి నడుంపట్టీకి వేలాడదీసుకునేవారు. తాడు జారిపోకుండా పై చివర ఓ చిన్న బొమ్మ ఉండేది. కప్పో, ఎలుకో, కునికిపాట్లు పడే సన్యాసో. దాని పేరు నెత్సుకె. బొటనవేలంత దంతం ముక్కలో కప్ప వీపు మీది పొక్కుల్ని కూడా వదలకుండా చెక్కిన పనివాళ్లున్నారు. 1868లో ఎడో కాలం ముగిశాక కోట్లు వచ్చాయి, కోట్లతో జేబులూ సిగరెట్లూ వచ్చాయి. నెత్సుకెతో అవసరం తీరిపోయింది. దంతం చెక్కే చేతులు మాత్రం ఊరుకోలేదు. విదేశాలకు పంపే అలంకార బొమ్మలు, ఆపైన సిగరెట్టు హోల్డర్లు చేయడం మొదలుపెట్టాయి.

టోక్యోలో సెన్సోజీ గుడి చుట్టూ అల్లుకున్న పేట అసాకుసా. చేతిపనుల వాళ్ల అడ్డా. చిన్నతనంలోనే దంతపు హోల్డర్లు చేసే చోట పనికి కుదిరి, పని నేర్చుకున్న త్సుగే అనే పనివాడు 1936లో అక్కడే సొంత కార్ఖానా తెరిచాడు. జపాన్ పైపు అనగానే ఇవాళ లోకమంతా ముందుగా చెప్పే పేరు ఆయన ఇంటిపేరే.

ఇక్కడ ఓ సంగతి మరిచిపోకూడదు. ఆ రోజుల్లో ఆ దేశంలో పొగాకు ప్రభుత్వ సొత్తు. 1898లో ఆకు కొనుగోలునూ, 1904లో తయారీ మొత్తాన్నీ సర్కారు తన చేతుల్లోకి తీసుకుంది. రష్యాతో యుద్ధానికి డబ్బు కావాలి మరి. 1985 దాకా సిగరెట్టు చుట్టే హక్కు సర్కారుదే. ప్రైవేటు మనిషికి మిగిలింది పొగాకు పెట్టుకునే పాత్ర ఒక్కటే. త్సుగే లాంటివాళ్లు పాత్ర మీదే అంత మనసు పెట్టడానికి ఇదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

1945 మార్చి 9-10 రాత్రి అమెరికా విమానాలు కురిపించిన నిప్పుకు అసాకుసా బుగ్గయింది. ఆ ఒక్క రాత్రే లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. అదే ఏడు ఆగస్టు 30న అమెరికా జనరల్ మెకార్థర్ నోట్లో మొక్కజొన్న కంకి పైపు పెట్టుకుని జపాన్‌లోని అత్సుగిలో విమానం దిగాడు. ఓడిన దేశం కళ్లలో ఆ పైపు బొమ్మ నిలిచిపోయింది.

త్సుగే కూడా దంతపు హోల్డర్ల నుంచి పైపుల వైపు మళ్లాడు. కానీ మంచి పైపుకి కావలసిన బ్రయర్ జపాన్‌లో దొరకదు. మధ్యధరా తీరంలో పెరిగే ఓ పొద చెట్టుకు కాండమూ వేరూ కలిసేచోట ఊరే బుడిపె అది. తవ్వి తీసి, కోసి, గంటల తరబడి ఉడకబెట్టి వగరు పోగొట్టి, నెలలూ ఏళ్లూ ఆరబెడతారు. నిప్పుకు ఓ పట్టాన కాలదు, చేతికి వేడి తగలనివ్వదు. పనివాడు ముక్కను తడిపి చూస్తాడు. తడిస్తే చారలు తేలతాయి. ఒక పక్క నిలువు గీతలు, అడ్డంగా కోసిన పక్క పిట్ట కళ్లలాంటి చుక్కలు. లోపల ఇసుక రేణువో, చిన్న గుంటో దాక్కుని ఉంటే సగం పని అయ్యాక గానీ బయటపడదు. అప్పటిదాకా పెట్టిన శ్రమ చెత్తబుట్టలోకే. పొగ వచ్చే రంధ్రం గిన్నె అడుగున సరిగ్గా మధ్యలో తేలాలి. కాస్త పైకి పోతే అడుగున పొగాకు తడిసి ముద్దవుతుంది. పళ్ల మధ్య పట్టుకునే ఎబొనైట్ (గట్టి రబ్బరు) కొసను ఆకురాయితో సుమారు 4 మిల్లీమీటర్ల మందానికి దించాలి. అంతకన్నా పలచనైతే విరుగుతుంది, మందమైతే దవడ నొప్పెడుతుంది.

తరిణె మీద వందల కొద్దీ ఒకే అచ్చులో పైపులు తీయడం త్సుగేకు తెలియని విద్య కాదు. అసలు మలుపు 1970లలో వచ్చింది. కోపెన్‌హేగన్‌లో సిక్స్‌టెన్ ఇవార్సన్ అనే స్వీడన్ మనిషి పైపుల లోకాన్ని తిరగేస్తున్న రోజులవి. ఆకారం ముందే గీసుకుని చెక్కను దానికి లొంగదీయడం ఆయన పద్ధతి కాదు, చారలు ఎటు పోతే చెయ్యి అటు పోవాలి. త్సుగే సంస్థ తన పనివాడు కజుహిరో ఫుకుదాను అక్కడికి పంపింది. ఆయన తిరిగొచ్చాక మొదలైన చేతిపని శ్రేణికి ఇకెబానా అని పూల అలంకరణ కళ పేరు పెట్టారు. డెన్మార్క్‌లో నేర్చుకున్న జపాన్ మనిషి డెన్మార్క్ పైపులే చేసి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగేది. ఇకెబానాలో గిన్నె ఓ పక్కకు ఒరుగుతుంది, అంచు గరుకుగా అలాగే మిగులుతుంది, రెండు వైపులూ సమానంగా ఉండాలన్న పట్టింపు పోతుంది.

గిన్నెకూ కొసకూ మధ్య వెదురు తొడిగిన పైపులు నాకు ఇంకా ఇష్టం. కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న ముక్కే కావాలి. వెదురును పైపుకి వాడటం కొత్తేమీ కాదు, లండన్ పైపుల సంస్థ డన్‌హిల్ కూడా వాడింది. కానీ జపాన్ వాళ్ల పాతకాలపు పొగగొట్టం కిసెరుకు నడిమి భాగం వెదురే. ఆ వెదురు మసిబారితే మార్చిపెట్టే పనివాళ్లు ఎడో కాలపు వీధుల్లో కేకలేస్తూ తిరిగేవారు. ఆ అలవాటున్న చోట వెదురు తొడుగు అరువు తెచ్చుకున్న సొగసులా అనిపించదు. ఉరుషి చెట్టు పాలు పూసి, ఆ తడి మీద బంగారు పొడి చల్లి బొమ్మలు తీర్చే మాకియే పనితనాన్నీ త్సుగే పైపు మీదికి తెచ్చింది. చూడటానికి అద్భుతమే, కానీ బ్రయర్ చారల్ని బంగారంతో కప్పడం నాకు మింగుడుపడదు.

అసాకుసాలో నేర్చిన పని అసాకుసాలోనే ఉండిపోలేదు. త్సుగేలో పని చేసిన హిరోయుకి తోకుతోమి బయటికొచ్చి తన సొంత పేరుతో పైపులు చేశాడు. సేకరణకర్తలు ఆయన పేరు చూసి కొంటారు. దంతం సంగతి వేరు. ఏనుగు దంతం మీద అంతర్జాతీయ వ్యాపార నిషేధం 1990లో అమలుకొచ్చింది. పునాది వేసిన సరుకే పోయినా సంస్థ నిలబడింది, కుటుంబం చేతుల్లోనే.

పొగాకు ప్రాణం తీస్తుందన్నది ఇప్పుడు చర్చకు లేని విషయం. 2020 ఏప్రిల్ నుంచి జపాన్‌లో పెద్ద హోటళ్లలో, ఆఫీసుల్లో ప్రత్యేక గదులుంటే తప్ప పొగ తాగడం చట్టం ఒప్పుకోదు. అసాకుసా నుంచి సుమిదా నది దాటితే పొగాకు, ఉప్పు మ్యూజియం. అక్కడ కిసెరులు అద్దాల వెనక ఉన్నాయి. నదికి ఇవతల త్సుగే మాత్రం ఇంకా కొత్త పైపులు అమ్ముతూనే ఉంది. వాటిలో ఎన్నిటికి నిప్పు తగులుతుందో, ఎన్ని నేరుగా బీరువాకెక్కుతాయో కొన్నవాళ్లకే తెలియాలి.