చెట్టెక్కి కొమ్మ కోసేవాళ్లకి: ముందు బెల్టు, ఆ తర్వాతే రంపం

మామిడి కోతలు అయిపోయాయి, ఇక కొమ్మ కత్తిరింపుల టైమ్. ఈ నెలలో కొత్త రైతులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, చెట్టు మీద పనికి ఏ రంపం కొనాలి?"

రంపం సంగతి చెప్తాను. కానీ ముందు ఒకటి ఆలోచించండి. మన దగ్గర చాలామంది ఎడమ చేత్తో చెట్టుని పట్టుకుని కుడి చేత్తో కోస్తారు. కొమ్మ తెగి ఊగినప్పుడు, కాలు జారినప్పుడు ఆ ఒక్క చెయ్యే ఆధారం. అది చాలదండీ. రెండు చేతులూ వదిలేసినా మిమ్మల్ని చెట్టుకి పట్టి ఉంచేది ఒకటి ఉండాలి. చేతిలో డబ్బులు తక్కువుంటే ముందు దానికే పెట్టండి.

బిల్డింగ్ పనోళ్లు వేసుకునే హార్నెస్‌కి వీపు మీద మాత్రమే రింగ్ ఉంటుంది. అది పడిపోతే ఆపుతుంది గానీ, నిలబడి పని చేసుకోడానికి ఆనుకోనివ్వదు. మనకి కావాల్సింది నడుముకి రెండు పక్కలా కూడా రింగులు ఉన్న ఫుల్ బాడీ హార్నెస్. దాని మీద ఐ.ఎస్. 3521 గుర్తు ఉందేమో చూడండి. గొర్రెల్ని కట్టే పసుపు ప్లాస్టిక్ తాడు దీనికి పనికిరాదు. ఎండకి దాని పోగులు పెళుసుబారతాయి, రాపిడికి వేడెక్కి కరుగుతుంది కూడా.

గీత కార్మికులు మోకు వేసుకుని ఎక్కుతారు కదా, మనకీ అదే చాలదా అంటారు. తాటిచెట్టుకి మధ్యలో కొమ్మలుండవు, మోకు జరుపుకుంటూ పైదాకా పోవచ్చు. అయినా వాళ్లూ పడుతూనే ఉన్నారు. అందుకే 2024లో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో వాళ్లకి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మామిడి అలా కాదు. ప్రతి పంగ దగ్గరా తాడు విప్పి పైన వేసుకోవాలి. విప్పిన ఆ అర నిమిషమే ప్రమాదం. కాబట్టి తాళ్లు రెండు ఉండాలి. రెండోది పంగకి పైన తగిలించాకే మొదటిది తియ్యండి. కోసేటప్పుడు కూడా రెండూ ఉండాలి, ఎందుకంటే పదునైన రంపం బిగిసి ఉన్న తాడుకి తగిలితే ఒక్క లాగుతోనే తెంపేస్తుంది. వీడియోలో ఈ తాడు మార్చే పద్ధతిని నిదానంగా చూపించాను, రెండుసార్లు చూడండి.

గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా కూడా కావాలి. మామిడి సొన ఒంటికి తగిలితే కాలుతుందని మీకు తెలుసు, కంట్లో పడితే ఇంకా ఘోరం. మెడలో తువ్వాలు తీసెయ్యండి.

ఇప్పుడు రంపం. వడ్రంగి రంపం ముందుకి తోస్తే కోస్తుంది. చెట్టు మీద తోయడానికి బలం రాదు, పైగా పచ్చి పొట్టు సన్న పళ్లలో ఇరుక్కుని రంపం పట్టేస్తుంది. మనకి లాగితే కోసే ప్రూనింగ్ రంపం కావాలి, పళ్లు అంగుళానికి 5 నుంచి 7 దాకా ఉంటే సరి. ఆకు కొంచెం వంపుగా, 12-13 అంగుళాలు ఉంటే తల పైన కోతలకీ అనువుగా ఉంటుంది. కొమ్మ లావు ఆకు పొడవులో సగానికి మించకూడదు. మడత రంపం జేబులో పడుతుంది, నిజమే. కానీ తెరవడానికీ మూయడానికీ రెండు చేతులు కావాలి, లాక్ వదులైతే వేళ్ల మీదకే మడుస్తుంది. పైకెక్కే పనికి ఒర ఉన్న మడతలేని రంపమే నా ఓటు. ఆ ఒర నడుముకో తొడకో కట్టుకోవచ్చు. పళ్ల కొసలు నీలంగా కనిపిస్తే అవి వేడితో గట్టిపరిచినవి, వాటికి ఆకురాయి పట్టదు. అలాంటిది కొంటే ఆకు విడిగా దొరుకుతుందా అని షాపులోనే అడగండి.

లావు కొమ్మని ఒకే కోతతో దించొద్దు. సగం తెగాక బరువుకి విరిగి బెరడుతో సహా చీలుకుంటూ వస్తుంది, అదీ మీరున్న వైపుకే. మొదలుకి జానెడు ఇవతల కింద నుంచి మూడో వంతు, ఇంకొంచెం చివరివైపు పైనుంచి పూర్తిగా, ఆఖరికి మిగిలిన మొద్దుని మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే భాగానికి బయట కోయండి. ఆ ఉబ్బెత్తు నుంచే గాయం మూసుకుంటుంది. దాన్ని కోసేస్తే పైన పేడ, పుట్టమన్ను ఎంత పూసినా లాభం లేదు.

ఎక్కేముందు కింద నుంచి కందిరీగల గూళ్లు, ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఉన్నాయేమో చూసుకోండి. (ఆ చీమలు పురుగుల్ని తినే మన స్నేహితులే, కానీ తాడుకి కట్టుకుని ఉన్నప్పుడు స్నేహం చూపించవు!) మునగ, నేరేడు కొమ్మలు పెళుసు, వాటిని నిచ్చెన మీద నుంచే కోయండి. బెరడు తడిగా ఉంటే ఆ రోజు మానెయ్యండి. కరెంటు తీగల దగ్గర కొమ్మ ఉంటే లైన్‌మన్ ఎల్.సి. తీసుకుని చెప్పేదాకా రంపం ముట్టుకోవద్దు.

కింద ఒక మనిషి తప్పనిసరి, కొమ్మ పడే చోటుకి దూరంగా. పైన ఎవరైనా స్పృహ తప్పి బెల్టుకి వేలాడితే ఎక్కువసేపు అలా ఉంచకూడదు, వెంటనే దించాలి. ఆ దించడం ఎలాగో ముందే నాలుగడుగుల ఎత్తులో ఇద్దరూ ప్రాక్టీస్ చెయ్యండి. పని అయ్యాక ఆకుకి పట్టిన సొనని కిరోసిన్ గుడ్డతో తుడిచి, కొబ్బరి నూనె రాసి, ఆరిన ఒరలో పెట్టండి.