ప్రథమ ముద్రణమును గుర్తించుట యెట్లు?

అనంతగిరి చెంతనున్న మన గ్రామములలో కొందరి యిండ్లయందు, అటకలమీదను పెట్టెలలోను, పాత ఆంగ్ల నవలలు కానవచ్చుచుండును. పాతది గనుక విలువగలదని కొందరును, చినిగినది గనుక పనికిరాదని కొందరును తలంతురు. ఈ రెండు తలంపులును సరికావు. గ్రంథము ప్రథమ ముద్రణమగునో కాదో తెలుపు గుర్తులు దానిలోనే కలవు. వాని నొక యుదాహరణముతో వివరింతుము.

ఇ. ఎం. ఫార్స్టరు రచించిన "ఎ పాసేజ్ టు ఇండియా" మనకు సంబంధము లేని నవల కాదు. ఆయన దానిని తన మిత్రుడగు సయ్యద్ రాస్ మసూదునకు అంకితమిచ్చెను. మసూదుగారు 1916 మొదలు 1928 వరకు హైదరాబాదు సంస్థాన విద్యాశాఖకు అధిపతులు. వికారాబాదు నాడా సంస్థానములోనిదే. 1921లో ఫార్స్టరు హైదరాబాదునకు వచ్చి యీ మిత్రుని దర్శించెను.

ఆ నవలను 1924 జూన్ నెలలో లండనునందు ఎడ్వర్డు ఆర్నాల్డు కంపెనీవారు ప్రకటించిరి. కావున మొదట ముఖపత్రమున ప్రకాశకుల పేరును, ఊరును, సంవత్సరమును చూడవలెను. అదే యేట న్యూయార్కునందును ఆ నవల వెలువడినది. అందుచే సంవత్సర మొక్కటియే చాలదు. పిదప ఆకు త్రిప్పి వెనుకవైపు చదువవలెను. మరల అచ్చువేసినప్పుడెల్ల ఆ తేదీని అచట చేర్చుట పెక్కుమంది ఆంగ్ల ప్రకాశకుల యాచారము. తొలి ప్రకటన తేదీ క్రింద వేరొక తేదీ యున్నచో ఆ ప్రతి మొదటిది కాదు. 1936లో పెంగ్విన్ వారు దీనినే చౌకవెలకు వెలువరించిరి. అది పెంగ్విన్ వారి తొలి ముద్రణమే గాని నవలకు తొలి ముద్రణము కాదు. ఇటీవలి పుస్తకములలో ఆ పుటయందే అంకెల వరుస యొకటి యుండును. అందలి కనిష్ఠాంకము సాధారణముగా ముద్రణసంఖ్యను దెలుపును. తెలుగు గ్రంథములలో పెక్కింటియందు "ప్రథమ ముద్రణము" అనియు, ప్రతుల సంఖ్యయు స్పష్టముగా వ్రాయబడియుండును.

ఇక మా తప్పు నొకదానిని చెప్పుకొందుము. మా గ్రంథాలయపు పాత నవల నొకదానిని బైండు కట్టించినప్పుడు, మొదటి యాకులు నలిగినవని తీసివేయించితిమి. పై కాగితపు తొడుగును పారవైచితిమి. నేడు ఆ పుస్తక మే ముద్రణమో తేల్చుటకు మాకు ఆధారము లేదు. కథ మిగిలినది, దాని పుట్టుక చెప్పు సాక్షి పోయినది. తొడుగుతో నున్న ప్రతికి, తొడుగు లేని ప్రతికంటె సేకరించువారు ఎన్నియో రెట్లు అధికముగా వెలయిత్తురని మేము తరువాత నెఱిగితిమి.

విద్యార్థులారా, ముఖపత్రమును చింపకుడు, దానిపై గీతలు గీయకుడు. తలిదండ్రులారా, పాత పుస్తకములను చిత్తుకాగితములవానికి తూచి యిచ్చుటకు ముందు ఒక్క యాకు త్రిప్పి చూడుడు. గుర్తులు చాలనిచో ప్రథమ ముద్రణమని యెవరితోను చెప్పకుడు. పుస్తకము తన్నుగూర్చి తాను చెప్పుకొనిన మాటకు మించి మనము చెప్పుట న్యాయము కాదు.