షుగరుకూ మతిమరుపుకూ ఏమిటి సంబంధం?

కడప, కర్నూలు వైపు షుగరున్న జేజికి రాత్రిపూట అన్నం మాన్పించి జొన్నరొట్టో కొర్రన్నమో పెడతారు. అదే జేజి పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే మాత్రం ‘వయసు మీద పడింది’ అనేస్తారు. చాలాసార్లు అంతే కూడా. కానీ షుగరున్నవాళ్లకు డిమెన్షియా వచ్చే అవకాశం ఎక్కువని ఎన్నో పరిశోధనల్లో తేలింది. ఎందుకు?

అనుమానితుల్లో ఒక ఎంజైమ్ ఉంది. పేరు ఐడీఈ. లోపల బోలుగా ఉంటుంది. ఇన్సులిన్ అందులో చిక్కగానే మూసుకుని, జింకు సాయంతో దాన్ని ముక్కలు చేసేస్తుంది. దీని జాడ 1949లోనే తెలిసింది. అసలు విచిత్రం 1990ల్లో బయటపడింది: అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్ బీటానూ ఇదే కోస్తుందట!

కూలీ ఒక్కరే, చేలు రెండు. కలుపు తీసే ఆమె పొద్దుగూకేదాకా వేరుశనగ చేనులోనే ఉంటే పక్కనున్న పత్తి సంగతేంటి? టైప్ 2 షుగరు మొదట్లో శరీరం ఇన్సులిన్ మాట వినదు. దాంతో క్లోమం ఇంకా ఇంకా ఇన్సులిన్ వదులుతుంది. ఎంజైమ్ దాని వెంటే పడితే అమిలాయిడ్ మిగిలిపోవచ్చు. 2003లో అమెరికాలో ఈ ఎంజైమ్ లేకుండా పుట్టించిన ఎలుకల్లో ఇన్సులిన్, అమిలాయిడ్ రెండూ పెరిగాయి.

అలాగని నేరమంతా ఐడీఈ మీదే వేయలేం. షుగరు మెదడు రక్తనాళాలనూ పాడుచేస్తుంది, నా లెక్కలో అదే పెద్ద ముద్దాయి. పోనీ, ఎంజైమ్‌ను పెంచే మందు వేద్దామా? అప్పుడు ఒంట్లోని ఇన్సులిన్ కూడా తొందరగా ఖర్చయిపోతుంది. చిక్కంతా అక్కడే.