తంగేడు, కసింద, తగిరిస: పసుపు పూల మొక్కలను వేరుగా గుర్తించడం

బతుకమ్మ రోజుల్లో కరీంనగర్ నుంచి జగిత్యాల, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వెళ్లే దారిలో మీరెప్పుడైనా ప్రయాణించే ఉంటారు. గుట్టల పక్కన, చెరువు కట్టలమీద, బీళ్లలో ఎటు చూసినా పసుపు పూలే. బస్సు కిటికీలోంచి చూస్తే అన్నీ తంగేడులాగే కనిపిస్తాయి. దిగి దగ్గరికి వెళ్తే కనీసం మూడు జాతులు బయటపడతాయి. వాటిలో ఒకటి మన రాష్ట్ర పుష్పం, ఒకటి వానాకాలపు ఆకుకూర, మరొకటి పిల్లల ప్రాణం తీయగల మొక్క.

విద్యార్థులు సాధారణంగా ముందుగా పువ్వును చూస్తారు. ఇక్కడ పువ్వు మీకు పెద్దగా సాయపడదు. మూడింటిలోనూ ఆకర్షణ పత్రాలు ఐదు, కేసరాలు పది, వాటిలో మూడు వంధ్యం. ఈ ఇబ్బంది మనకే పరిమితం కాదు. యూరప్ పచ్చిక మైదానాల్లో పెరిగే బటర్‌కప్ మొక్కల పసుపు పూలు కూడా ఒకదానికొకటి అచ్చుగుద్దినట్లుంటాయి. అందుకే అక్కడి విద్యార్థులు పువ్వును తిప్పి రక్షక పత్రాలు కిందికి మడిచి ఉన్నాయా, పుష్పవృంతం మీద గాడులు ఉన్నాయా అని చూస్తారు. మన మొక్కల్లో చూడవలసింది ఆకు మీది గ్రంథిని.

ఈ మూడింటివీ పిచ్ఛాకార సంయుక్త పత్రాలు. ఆకు కాడమీద గానీ, పత్రకాల జతల మధ్య గానీ చిన్న బొడిపె లేదా పుల్ల వంటి నిర్మాణం ఉంటుంది. అది మకరందాన్ని స్రవిస్తుంది కాబట్టి చుట్టూ చీమలు తిరుగుతుంటాయి. నేల సారాన్నిబట్టి మొక్క ఎత్తు, ఆకు పరిమాణం మారుతాయి గాని గ్రంథి స్థానం మారదు.

తంగేడు (సెన్నా ఆరిక్యులేటా) పొద. పత్రకాలు సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు జతలు. ప్రతి జత మధ్యా ఒక సన్నని గ్రంథి నిలబడి ఉంటుంది. ఆకు మొదట్లో చెవి ఆకారంలో వెడల్పైన పుచ్ఛాలు కనిపిస్తాయి. ‘ఆరిక్యులేటా’ అనే పేరు వాటివల్లనే వచ్చింది. కాయలు బల్లపరుపుగా, కాగితంలా పలుచగా ఉంటాయి. దీన్ని ఒకసారి గుర్తుపడితే ఇక మరచిపోరు.

అసలు చిక్కు మిగిలిన రెండింటితోనే. తగిరిస (సెన్నా టోరా)కు మూడు జతల పత్రకాలు. వాటి కొనలు మొద్దుగా, గుండ్రంగా ఉంటాయి. గ్రంథి అడుగు జత పత్రకాల మధ్య, తరచు రెండో జత మధ్య కూడా, చిన్న పుల్లలా ఉంటుంది. కాయ సన్నగా, పొడవుగా, కొడవలిలా వంగి ఉంటుంది. కసింద (సెన్నా ఆక్సిడెంటాలిస్)కు పత్రకాలు నాలుగైదు జతలు, కొన మొనదేలి ఉంటుంది. పత్రకాల మధ్య గ్రంథి అసలు ఉండదు. ఆకు కాడ కాండానికి అతుక్కున్న చోటికి కాస్త పైన ఒకే ఒక పెద్ద గుండ్రటి బొడిపె ఉంటుంది. కాయ చదునుగా ఉండి, గోధుమరంగు మధ్యభాగానికి రెండు వైపులా లేతరంగు అంచులుంటాయి. ఆకు నలిపితే దుర్వాసన వస్తుంది. ఇంకో జాగ్రత్త: సెన్నా సోఫెరాలో కూడా గ్రంథి కాడ మొదట్లోనే ఉంటుంది. అయితే దాని పత్రకాలు ఎక్కువ జతలు, కాయ ఉబ్బి గుండ్రంగా ఉంటుంది.

ఒకసారి నాకు మూల్యాంకనానికి వచ్చిన హెర్బేరియం షీట్లలో ‘తగిరిస’ అని రాసినది నిజానికి కసింద. ఆ విద్యార్థి ఆకును సగానికి తుంచి అతికించాడు. గ్రంథి కాండం దగ్గరే మిగిలిపోయింది. ఆకును ఎప్పుడూ మొదలంటా కోయండి.

ఇది మార్కుల విషయం మాత్రమే కాదు. తొలకరి తరువాత లేత తగిరిస ఆకును కూరగా వండుకుంటారు. అదే బీడులో కసింద కూడా మొలుస్తుంది. కసింద గింజల్లోని ఆంత్రాక్వినోన్‌లు కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లలకు వస్తున్న ‘మెదడువాపు’కు ఈ గింజలే కారణమని వైద్యులు గుర్తించారు. 2016లో ఆంధ్ర సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పెద్దసంఖ్యలో పిల్లలు మరణించారు. కొందరిలో జపనీస్ మెదడువాపు ఉన్నా, నిపుణుల పరిశీలన కసింద గింజలవైపు కూడా వేలు చూపింది. ఒడియాలో తగిరిస ‘చకుండ’, కసింద ‘బడ చకుండ’.

మన పేర్లూ అంతే. తగిరిసను కొందరు తంటెం అంటారు, కొందరు చిన్న కసింద అంటారు. కసిందను కొన్ని ప్రాంతాల్లో చెన్నంగి అంటారు. ఆదిలాబాద్ అడవిలో చెన్నంగి అంటే కలపనిచ్చే చెట్టు, లేజర్‌స్ట్రోమియా పార్విఫ్లోరా. స్థానిక నామాన్ని తప్పక రాసుకోండి, దానిమీదే ఆధారపడకండి.

పాత పుస్తకాల్లో ఈ మొక్కలన్నీ ‘కేసియా’ ప్రజాతిలో కనిపిస్తాయి. సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బర్గ్ తంగేడును, తగిరిసను సెన్నాలో చేర్చినా, ఆ విభజన స్థిరపడింది 1982లో ఇర్విన్, బార్నెబీల గ్రంథంతోనే. రేల (కేసియా ఫిస్టులా) మాత్రం కేసియాలోనే ఉంది. దాని మూడు పొడవాటి కేసర దండాలు వంకీ తిరిగి ఉంటాయి, ఆకుమీద గ్రంథులుండవు.

సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు మీ ఊరి బీడునుంచి మూడు రకాల ఆకులను మొదలుతో సహా తీసుకురండి. గ్రంథి ఎక్కడుందో ముందుగా పెన్సిల్‌తో బొమ్మ వేయండి, పేరు ఆ తరువాత రాయండి. కసింద కాయలు తెంపితే చేతులు కడుక్కోండి, వాటిని పిల్లలకు అందేచోట ఉంచకండి.