పదకొండు గడుల చిరునామా

యాసంగి కోతలు మొదలైతే హాలియా చుట్టూ సాగర్ ఎడమ కాల్వ కింద ఎటు చూసినా వడ్ల రాశులే. కాంటా అవుతుంది, లారీ మిల్లుకు కదులుతుంది, రైతు వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. ఇక ఫోన్‌లో డబ్బు పడ్డ మెసేజ్ కోసం చూపులు. కొనుగోలు కేంద్రంలో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్‌తో కలిపి ఇచ్చిన బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు మీదే ఆ మెసేజ్ ఆధారపడి ఉంటుంది. అందులో ఖాతా నంబరును అందరూ ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటారు. పక్కనే ఉన్న ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ జోలికి మాత్రం పోరు. అది బ్యాంకు వాళ్ల సంగతి అనుకుంటారు. నిజానికి అది డబ్బు ఏ బ్యాంకు గడప తొక్కాలో చెప్పే చిరునామా.

కోడ్‌లో మొత్తం పదకొండు గడులు. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి. స్టేట్ బ్యాంకుకు ఎస్‌బీఐఎన్, యూనియన్ బ్యాంకుకు యూబీఐఎన్, కెనరాకు సీఎన్‌ఆర్‌బీ. ఐదో గడిలో ఎప్పుడూ సున్నాయే. చివరి ఆరు బ్రాంచిని చెబుతాయి. చేతిరాత ఫారాల్లో ఎక్కువగా దెబ్బతినేది ఆ ఐదో గడే. సున్నా రాయాల్సిన చోట ఇంగ్లిష్ ‘ఓ’ రాస్తారు. మనిషి కంటికి రెండూ ఒకటే, యంత్రానికి కావు. చివరి ఆరు గడుల్లో అన్నీ అంకెలే ఉండాలన్న నియమం లేదు. పెద్ద బ్యాంకు కోడ్ వెనకాల నడిచే గ్రామీణ బ్యాంకులకు అక్కడ అక్షరాలు కూడా ఉంటాయి. అవి చూసి తప్పుపడిందని ఎవరూ దిద్దకూడదు.

మన ప్రాంతంలో ఈ కోడ్‌ల గందరగోళానికి అసలు కారణం బ్యాంకుల విలీనాలు. తరాల తరబడి జనం నోట నానిన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఎస్‌బీహెచ్‌వైతో మొదలయ్యే కోడ్‌లు ఎస్‌బీఐఎన్ అయ్యాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. ఆంధ్రా బ్యాంకు పాత కోడ్‌ల గడువు 2021 మార్చి నెలాఖరుతో, సిండికేట్‌వి అదే ఏడాది జూన్ నెలాఖరుతో ముగిశాయి. తర్వాత 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. ఇన్నిసార్లు బోర్డులు మారినా బీరువాలో దాచిన పాసుబుక్కు పాతదే. జిరాక్సు తీసేది దాన్నే.

ఈ విషయంలో తప్పంతా రైతు మీదికి నెట్టడం నాకు సమ్మతం కాదు. విలీనాలు అడిగింది రైతు కాదు. కొత్త కోడ్‌ను పెద్ద అక్షరాలతో బ్రాంచి గోడ మీద రాయించడం, పాసుబుక్కు ఎంట్రీకి వచ్చినప్పుడే మొదటి పేజీ మార్చి ఇవ్వడం బ్యాంకు బాధ్యత. జిరాక్సు తీసుకునే సిబ్బంది పాత బ్యాంకు పేరు కనబడగానే ‘పెద్దాయనా, ఇది మార్చుకొని రా’ అని ఆ క్షణమే చెబితే సీజన్ మధ్యలో తిరుగుళ్లు తప్పుతాయి.

తప్పు కోడ్ రాస్తే ఏమవుతుందన్నది తప్పు ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్యాంకు సరిగ్గానే ఉండి బ్రాంచి మాత్రం తప్పితే, కోర్ బ్యాంకింగ్‌లో ఖాతా నంబరు బ్యాంకంతటికీ ఒక్కటే కాబట్టి సొమ్ము చాలావరకు చేరిపోతుంది. కోడ్ మరో బ్యాంకుదైతే ఆ నంబరు అక్కడ దొరకదు, డబ్బు వెనక్కి వస్తుంది. బ్యాంకుల మధ్య డబ్బు పంపే నెఫ్ట్ పద్ధతిలో ఇలా జమ కాని మొత్తాన్ని బ్యాచ్ పూర్తయిన రెండు గంటల్లో తిప్పి పంపాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కానీ ప్రభుత్వ చెల్లింపు తిరిగొచ్చేది శాఖ ఖాతాకు. మళ్లీ వివరాలు దిద్ది, మళ్లీ జాబితా ఎక్కించాలి. రైతుకు ఆలస్యమయ్యేది అక్కడే.

అన్నిటికన్నా ప్రమాదం ఖాతా నంబరులో తప్పు. ఆ తప్పు నంబరు మీద నిజంగానే ఇంకొకరి ఖాతా ఉంటే సొమ్ము నేరుగా వాళ్లకే పోతుంది. ఎందుకంటే ఏళ్ల తరబడి నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ జమలు ఖాతా నంబరు ఒక్కదాన్నే చూశాయి, పేరును కాదు. రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరులో దీన్ని సరిదిద్దింది. డబ్బు పంపే ముందే అవతలి ఖాతాదారు పేరు చూపించే ఏర్పాటును 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులన్నీ ఇవ్వాలని ఆదేశించింది. నెట్ బ్యాంకింగ్‌లోనే కాదు, బ్రాంచికి వచ్చి పంపేవారికీ ఈ సౌకర్యం వర్తిస్తుంది. విత్తనాల దుకాణానికో, హైదరాబాద్‌లో చదివే బిడ్డ హాస్టల్‌కో డబ్బు పంపేవారు కౌంటర్‌లో ‘పేరు చూసి చెప్పండి సార్’ అని అడగొచ్చు, అడగాలి కూడా.

చెక్కు అడుగున ఉండే తొమ్మిదంకెల మైకర్ కోడ్ వేరు. మొదటి మూడు ఊరివి, తర్వాతి మూడు బ్యాంకువి, చివరి మూడు బ్రాంచివి. అది చెక్కుల పనికే. అమెరికా నుంచి పిల్లలు పంపే డాలర్లకు స్విఫ్ట్ కోడ్ కావాలి. చిన్న పట్టణాల బ్రాంచీలకు అది సాధారణంగా ఉండదు, తమ బ్యాంకు ఏ పెద్ద శాఖ ద్వారా తీసుకుంటుందో మేనేజరును కనుక్కోవాలి. ఇక ఆధార్ ఆధారంగా వచ్చే చెల్లింపులకు ఐఎఫ్‌ఎస్‌సీతో పనే లేదు. ఆధార్ ఆఖరుసారి ఏ బ్యాంకుకు లింకయిందో అక్కడికే పోతాయి. ‘నా కోడ్ కరెక్టే, డబ్బు ఎందుకు రాలేదు’ అనే వారిలో కొందరి సొమ్ము ఇలా మరిచిపోయిన ఖాతాలో ఉంటుంది.

కోడ్ సరిచూసుకోవడానికి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో బ్యాంకులవారీ జాబితా ఉంది. సెర్చ్‌లో మొదట తేలే ప్రైవేటు సైట్లలో పాత కోడ్‌లు మిగిలిపోతుంటాయి. డబ్బు పంపామని ఎవరన్నా చెబితే వాళ్లను ఆ లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరు అడగండి. ఆ నంబరు పట్టుకొని వెళ్తే సొమ్ము ఏ దశలో ఉందో బ్రాంచి చెప్పగలదు. నెఫ్ట్ జమలోగాని, వాపసులోగాని బ్యాంకు వల్ల ఆలస్యమైతే, ఆలస్యమైన రోజులకు రెపో రేటుకు మరో 2 శాతం కలిపి వడ్డీ చెల్లించాలి. అడగకపోయినా ఇవ్వాల్సిందే.